పేట మారిందా లేదా: అమెరికా సెన్సస్ అంకెలతో తేల్చుకోవడం ఎలా

1970 సెన్సస్ నాటికి వాషింగ్టన్ డీసీ జనాభాలో నల్లజాతీయులు 71 శాతం. 2020 నాటికి 41 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, "కొత్తగా వచ్చిన డబ్బున్నవాళ్లు పాతవాళ్లను తరిమేశారు" అని తేల్చేస్తే సగం తప్పవుతుంది. 1970లో 7,56,510 ఉన్న నగర జనాభా 2000 నాటికి 5,72,059కి పడిపోయింది. అప్పట్లో నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు సొంతిల్లు, మంచి బడి వెతుక్కుంటూ పక్కనే ఉన్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి వెళ్లిపోయాయి. డబ్బున్నవాళ్లు వచ్చి చేరి పేట మనుషులు, ధరలు మారిపోవడాన్ని జెంట్రిఫికేషన్ అంటారు. ఆ మార్పు ప్రధానంగా ఆ తర్వాతి కథ. కాబట్టి ఏ పేటనైనా పరీక్షించే ముందు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది తేల్చుకోండి.

ఉదాహరణకు డీసీలోని షా పేటను తీసుకుందాం. హోవర్డ్ యూనివర్సిటీ, యూ స్ట్రీట్‌లను ఆనుకుని ఉంటుంది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత జరిగిన అల్లర్లలో బాగా కాలిపోయింది. 1991లో మెట్రో గ్రీన్ లైన్ స్టేషన్లు, 2003లో కన్వెన్షన్ సెంటర్ వచ్చాయి. ఆ వెనకే కాండోలు, అంటే విడివిడిగా అమ్మే ఫ్లాట్ల భవనాలు, లేచాయి.

హద్దులు గీయడం

పేట హద్దులు రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నోట ఏడాదికోసారి జరుగుతుంటాయి. సెన్సస్ ట్రాక్ట్ (లెక్కల కోసం బ్యూరో గీసిన చిన్న ప్రాంతం) హద్దులు మాత్రం పదేళ్లకోసారే మారతాయి. ఒక ట్రాక్ట్‌లో మామూలుగా 1,200 నుంచి 8,000 మంది దాకా, సగటున సుమారు 4,000 మంది ఉంటారు. మీ పేటకు ఏయే ట్రాక్ట్‌లు వస్తాయో మ్యాపులో చూసి 11 అంకెల కోడ్‌లు రాసుకోండి: రాష్ట్రానికి 2, కౌంటీకి 3, ట్రాక్ట్‌కు 6 అంకెలు. 2010 హద్దుల్లో డీసీ 44వ ట్రాక్ట్ కోడ్ 11001004400. ఈ కోడ్‌ల గడిని ఎక్సెల్‌లో టెక్స్ట్‌గా పెట్టుకోండి. కాలిఫోర్నియా (06) లాంటి రాష్ట్రాల కోడ్ సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తే పట్టికలు ఒకదానికొకటి అతకవు.

దించుకోవలసిన పట్టికలు

సెన్సస్ బ్యూరో డేటా సైటులో అమెరికన్ కమ్యూనిటీ సర్వే (కొన్ని ఇళ్లను శాంపిల్‌గా అడిగే సర్వే) అయిదేళ్ల అంచనాలు తీసుకోండి. ట్రాక్ట్ స్థాయిలో ఏడాది అంచనాలు ఉండవు. కాలాలు ఒకదానిమీద ఒకటి పడకూడదు: 2009–13ను 2019–23తో పోల్చవచ్చు, 2015–19ను 2018–22తో పోల్చకూడదు. అందులో రెండేళ్ల శాంపిల్ ఉమ్మడిగా ఉంటుంది.

జాతికి బి03002, గృహాదాయ మధ్యగతానికి (అందరినీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) బి19013, అద్దె మధ్యగతానికి బి25064, చదువుకు బి15003, సొంతిల్లా అద్దా అన్నదానికి బి25003. వీటితోపాటు ఆదాయ శ్రేణులు చూపే బి19001, అద్దె శ్రేణులు చూపే బి25063 తప్పకుండా దించుకోండి. చాలామంది ఈ రెండింటినీ వదిలేస్తారు. అసలు కథ వాటిలోనే ఉంటుంది.

అన్నట్టు, పాత సెన్సస్‌ల దాకా వెళ్లేవాళ్లకు ఒక మాట. 1970లో భారతీయులను శ్వేతజాతీయుల కింద లెక్కించారు. ఏషియన్ ఇండియన్ అన్న గడి 1980లో వచ్చింది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో ఈ రెండేళ్ల మధ్య "తెల్లవాళ్లు తగ్గారు" అని కనిపిస్తే, తగ్గింది మనుషులు కాకపోవచ్చు, గడి మారి ఉండవచ్చు. హైదరాబాద్‌కు ఇదే కసరత్తు చేద్దామనుకుంటే కుదరదు. మన జనగణన కుటుంబ ఆదాయమూ అడగదు, అద్దె ఎంతో కూడా అడగదు.

చీలిన ట్రాక్ట్‌లను కలపడం

2009–13 అంచనాలు 2010 హద్దుల మీద, 2019–23 అంచనాలు 2020 హద్దుల మీద ఉంటాయి. జనం పెరిగిన ట్రాక్ట్‌ను బ్యూరో రెండుగా చీలుస్తుంది. కాండోలు లేచిన ట్రాక్ట్‌లే ఎక్కువగా చీలతాయి గనక, మీకు కావలసిన చోటే చిక్కు వస్తుంది. చీలిన ముక్కలను మళ్లీ కూడితే సరి. హద్దు అడ్డదిడ్డంగా జరిగి ఉంటే, పాత ట్రాక్ట్‌లను కొత్తవాటితో జతచేసి చూపే ఫైళ్లు ఉన్నాయి: బ్యూరో ఇచ్చే రిలేషన్‌షిప్ ఫైళ్లు గానీ, మిన్నెసోటా యూనివర్సిటీ వారి ఎన్‌హెచ్‌జీఐఎస్ క్రాస్‌వాక్ ఫైళ్లు గానీ వాడండి. విస్తీర్ణాన్ని బట్టి జనాన్ని పంచకండి. పార్కులోనూ కాపురాలు ఉన్నట్టు తేలుతుంది.

కలిపేటప్పుడు శాతాలను సగటు చేయకండి. మనుషుల సంఖ్యలు కూడి, ఆ తర్వాత శాతం తీయండి. మధ్యగతాలనూ సగటు చేయకూడదు, బి19001 నుంచి మళ్లీ కట్టాలి. కలిపిన ట్రాక్ట్‌లో 2,000 గృహాలు ఉన్నాయనుకోండి. మధ్యలోది 1,000వ గృహం. 60,000 డాలర్ల లోపు 900 గృహాలు, 60,000–74,999 శ్రేణిలో 250 ఉంటే, ఆ శ్రేణిలో ఇంకా 100 గృహాలు ముందుకు నడవాలి. 100ను 250తో భాగించి, శ్రేణి వెడల్పు 15,000తో గుణిస్తే 6,000. మధ్యగతం 66,000 డాలర్లు.

డాలర్ల విలువ, అంచనాల తడబాటు

అయిదేళ్ల ఫైలులోని డబ్బంతా చివరి ఏడాది డాలర్లలో ఉంటుంది. పట్టణ వినియోగదారుల ధరల సూచీ సగటు 2013లో 232.957, 2023లో 304.702. కాబట్టి 2009–13 మొత్తాలను 1.308తో గుణించాలి. ప్రతి అంచనా పక్కనుండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ను (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెను) కూడా గుణించాలి. దీన్ని మరిచిపోవడం మామూలే.

లెక్క కోసం ఊహించిన అంకెలు: పాత అద్దె 1,100 డాలర్లు, మార్జిన్ 140. కొత్త అద్దె 1,690, మార్జిన్ 210. పైకి చూస్తే 590 డాలర్ల పెరుగుదల, అంటే 54 శాతం. సరిచేస్తే పాత అద్దె 1,439, మార్జిన్ 183. తేడా 251. ఇప్పుడు రెండు మార్జిన్ల వర్గాలు కూడి వర్గమూలం తీయండి: దాదాపు 279. తేడా దానికంటే చిన్నది, కాబట్టి 90 శాతం నమ్మకంతో అద్దె పెరిగిందని చెప్పలేం. పత్రికల్లో శీర్షికకెక్కగల 54 శాతం కాస్తా ఆవిరైపోయింది. అలాంటప్పుడు నాలుగైదు ట్రాక్ట్‌లను కలిపి చూడండి, అంచనాతో పోలిస్తే మార్జిన్ తగ్గుతుంది.

ఆ తర్వాత నగరం మొత్తంతో పోల్చాలి. నగరమంతా పెరిగినంతే పేటలోనూ పెరిగితే అది పేట కథ కాదు. మొదట్లోనే నగర మధ్యగతం కంటే ఎక్కువ ఆదాయమున్న పేటను ఈ లెక్కలోకి తీసుకోవద్దు. అప్పటికే కలిగినవాళ్లున్న చోట జరిగేదానికి వేరే పేరుంది, ధరలు పెరగడం.

శాతం వేరు, మనుషులు వేరు

4,000 మంది పేటలో 3,000 మంది నల్లజాతీయులు, అంటే 75 శాతం. ఖాళీ స్థలాల్లో కాండోలు లేచి 2,000 మంది తెల్లవాళ్లు వచ్చారు. నల్లజాతీయుల వాటా 50 శాతానికి పడింది. ఒక్కరు కూడా ఇల్లు ఖాళీ చేయలేదు. అల్లర్ల తర్వాత ఏళ్ల తరబడి స్థలాలు ఖాళీగా పడున్న షా లాంటి చోట ఇది ఊహామాత్రం కాదు.

నగర స్థాయిలో అసలు అంకెలు చూడండి. డీసీలో నల్లజాతీయులు 2010లో 3,05,125 మంది, 2020లో 2,85,810 మంది. వాటా తొమ్మిది పాయింట్లకు పైగా పడింది గానీ, మనుషులు తగ్గింది సుమారు 6 శాతం. అందులోనూ కొంత గడి మార్పే. 2020లో జాతి ప్రశ్న కింద మూలాలు రాసేందుకు చోటిచ్చి, రాసినవాటిని కొత్త పద్ధతిలో కోడ్ చేశారు. దేశమంతటా రెండు అంతకంటే ఎక్కువ జాతులవారి వాటా 2.9 నుంచి 10.2 శాతానికి ఎగబాకింది. అందుకే "ఒకే జాతి" లెక్కతోపాటు "ఒంటరిగా లేదా కలిపి" (వేరే జాతులతోపాటు ఆ జాతినీ రాసినవారిని కలుపుకున్న) లెక్క కూడా తీసి, రెండూ ఒకే దిక్కుకు పోతున్నాయేమో చూడాలి. పైగా 2020 సెన్సస్‌లో దేశవ్యాప్తంగా నల్లజాతీయుల లెక్క నికరంగా 3.3 శాతం తక్కువ వచ్చిందని బ్యూరో స్వయంగా తేల్చింది.

హోవర్డ్ దగ్గరి ట్రాక్ట్‌లలో ఇంకో వల ఉంది. హాస్టల్ విద్యార్థులు జనాభాలోకి, జాతి లెక్కలోకి వస్తారు, గృహాదాయంలోకి రారు. బయట గది తీసుకున్న విద్యార్థులు మాత్రం తక్కువ ఆదాయపు గృహాలుగా లెక్కకొస్తారు. అందుకే ఇలాంటి చోట 25 ఏళ్లు దాటినవారి చదువు చూపే బి15003ను నమ్మడం మేలు.

రెండు మూపుల పేట

గృహాదాయ మధ్యగతం రెండు రకాలుగా మోసం చేస్తుంది. మొదటిది, ఒక వరస ఇంట్లో తలా 60,000 డాలర్లు తెచ్చుకునే ముగ్గురు కుర్రాళ్లు కలిసి అద్దెకుంటే సెన్సస్‌కు అది 1,80,000 డాలర్ల గృహం. ముందు ఆ ఇంట్లో 60,000తో బతికిన కుటుంబంతో పోలిస్తే మూడింతలు, కానీ కొత్తవాళ్లలో ఎవరూ ధనవంతులు కారు. తలసరి ఆదాయం కూడా చూస్తే ఇది బయటపడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. షాలో 1968 తర్వాత చర్చీల చొరవతో కట్టిన సబ్సిడీ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాటి పక్కనే ఖరీదైన కొత్త కాండోలు. బి25063ను బార్ చార్టుగా గీస్తే ఇలాంటి పేటలో అద్దెలు ఒంటె వీపులా కనిపిస్తాయి: చవక అద్దెల దగ్గర ఒక మూపు, భారీ అద్దెల దగ్గర ఒకటి, మధ్యలో లోయ. మధ్యగతం వచ్చి ఆ లోయలో కూర్చుంటుంది. ఆ అద్దెకు పేటలో ఇల్లే దొరకదు. 2009–13, 2019–23 చార్టులు ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏ మూపు పెరిగిందో, ఏ శ్రేణి ఖాళీ అయిందో చూడండి. సాధారణంగా ముందు ఖాళీ అయ్యేది మధ్య శ్రేణి. సబ్సిడీ రాని, కాండో అందని టీచర్లు, బస్సు డ్రైవర్లు ఉండేది అక్కడే.

వెళ్లగొట్టారా, వెళ్లిపోయారా

దీనికి సెన్సస్ జవాబివ్వదు. ఒకే మనిషిని అది పదేళ్లు వెంబడించదు. ఇల్లు మంచి ధరకు అమ్ముకుని సబర్బ్‌కు వెళ్లిన వృద్ధ దంపతులూ, అద్దె కట్టలేక ఖాళీ చేసినవాళ్లూ పట్టికలో ఒకేలా "లేరు". తేడా తెలియాలంటే కోర్టుల్లో దాఖలైన ఎవిక్షన్ (అద్దెదారులను ఖాళీ చేయించే) కేసులు చూడాలి, భవనం ఎప్పటిదో చూడాలి. డీసీలో 1975 తర్వాత పర్మిట్ పొందిన భవనాలకు అద్దె నియంత్రణ లేదు. బిల్డింగ్ అమ్మేటప్పుడు కొనే అవకాశం ముందు అద్దెదారులకు ఇవ్వాలని, కొన్ని మినహాయింపులతో, 1980 నాటి చట్టం ఉంది. అద్దెదారులు దాన్ని వాడుకున్న భవనాలు గుర్తించండి. అక్కడ పాతవాళ్లు నిలబడి ఉండే అవకాశం ఎక్కువ.

చివరగా, అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ విడుదల చేసే సబ్సిడీ కాంట్రాక్టుల జాబితా తెరిచి మీ పేటలోని ప్రతి భవనం గడువు తేదీ రాసుకోండి. కాంట్రాక్టు ముగిసి యజమాని పొడిగించకపోతే చవక అద్దెల మూపు ఒక్కసారిగా కుంగుతుంది. అయిదేళ్ల అంచనాల్లో అది పూర్తిగా కనిపించేసరికి ఆ భవనంలో కొత్త కాపురాలు వచ్చి కొన్నేళ్లయి ఉంటుంది.