టీవీ యాంటెన్నా వైరు పక్క గదికి లాగుతున్నారా? ఇది చూసి మొదలుపెట్టండి

యాంటెన్నా కేబుల్ పక్క గదిదాకా చాలకపోతే చాలామంది రెండు వైర్లనూ ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు, దయచేసి అలా చేయకండి. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడం, కొన్ని ఛానళ్లు రాకపోవడం చాలాసార్లు ఆ అతుకు దగ్గరే మొదలవుతుంది. 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 కేబుల్ తీసుకుని, కొసలకు ఎఫ్ కనెక్టర్లు (కేబుల్ కొసకు తొడిగే లోహపు బిరడాలు) బిగించి, మధ్యలో జాయింటర్‌తో కలపండి.

ఒలిచేటప్పుడు ఒక్కటి మాత్రం కళ్లు పెట్టి చూడండి: పైన అల్లికలా ఉండే సన్నని తీగల్లో ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అయి సిగ్నల్ పోతుంది, నేను ఓసారి రెండు గంటలు యాంటెన్నా తిప్పాక గానీ ఆ వెంట్రుకంత పోగు కనపడలేదు. అల్లికను పూర్తిగా వెనక్కి మడిచి, మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా కోయండి.

రెండు గదుల్లోనూ టీవీ కావాలంటే స్ప్లిటర్ (ఒక కేబుల్ సిగ్నల్‌ను రెండుగా పంచే చిన్న పెట్టె) పెట్టాలి, అయితే అప్పుడు ఒక్కో టీవీకి సగం కంటే కాస్త తక్కువ సిగ్నలే అందుతుంది. చాలకపోతే సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్‌ను టీవీ వెనక కాదు, యాంటెన్నాకు దగ్గరగా పెట్టండి. మూలల్లో కేబుల్‌ను నొక్కి మడవకుండా గుండ్రంగా తిప్పండి, కరెంటు వైర్లకు దూరంగా లాగండి.