కోర్టులో సాక్ష్యం చెప్పడం, 4వ పాఠం: ఆ 'అవునండీ' మానండి

పోయిన పాఠంలో తప్పు నాదే. క్రాస్‌లో, అంటే అవతలి లాయర్ ప్రశ్నలేసేటప్పుడు, పొట్టిగా చెప్పండి, అవును, కాదు, తెలియదు, అంతే అని రాసి ఊరుకున్నా. దాంతో ఒకాయన సొంత ప్రోనోటు దావాలో పీడబ్ల్యూ1గా (వాది తరఫు మొదటి సాక్షిగా) బోనెక్కి, నోటు మీద సాక్షులెవరంటే తెలియదు, దస్తూరి (నోటు రాసినాయన) ఎవరంటే తెలియదు, డబ్బులు ఏ నెలలో ఇచ్చారంటే అదీ తెలియదు అన్నారట. దావా ఆయనది, డబ్బు ఆయనది! అవతలి లాయర్ గారు ఇంక చాలని హాయిగా కూర్చున్నారట.

తెలియదు అంటే ఆ సంగతి మీ దాకా ఎప్పుడూ రాలేదని. ఒకప్పుడు తెలిసి ఇప్పుడు మర్చిపోతే 'గుర్తులేదు' అనాలి. కాగితంలో ఉన్న సంగతైతే 'ఆ కాగితం చూపిస్తే చెప్తా' అనండి. మీరే అప్పట్లో రాసుకున్న కాగితమైతే చూసి గుర్తు తెచ్చుకోవడానికి చట్టంలోనే దారి ఉంది, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 159, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 162.

చీఫ్ (మీ తరఫున మీరు ముందు చెప్పే సాక్ష్యం) గురించి రాయను, సివిల్ కేసుల్లో అది అఫిడవిట్టే, చదివి సంతకం పెట్టారు కదా. (పెట్టలేదా? ఇవాళే చదవండి.)

ఇప్పుడు నాకు ఒళ్లు మండే సంగతి. మనవాళ్లకి ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే 'ఆ... ఊ... అవునండీ' అనడం అలవాటు. ఫోన్‌లో అంటే వింటున్నాం అని అర్థం, బోనులో అంటే ఒప్పుకున్నాం అని. 'మీరు ఆ రోజు లక్షన్నర ఇవ్వలేదు కదా?' అని అడుగుతారు, మీరు మనసులో ఇచ్చాననుకుంటూనే 'అవునండీ, ఆ రోజే...' అని మొదలెడతారు, మీరు చెప్పింది జడ్జి గారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తుంటే 'ఇట్ ఈజ్ ట్రూ దట్ ఐ డిడ్ నాట్ పే' అని టైప్ అయిపోతుంది. 'కాదండీ' అన్నా గొడవే, ఇవ్వలేదనేది కాదా, ఇచ్చాననేది కాదా?

అందుకే నా లెక్కలో అవును, కాదు రెండూ వద్దు. క్రియ చెప్పండి. ఇచ్చాను. వెళ్లలేదు. చూశాను. ఆయన రాశారు. మా సీనియర్ గారు దీనికి నవ్వేవారు, నవ్వనీయండి, క్రియని తిరగేసి టైప్ చేయడం కష్టం.

రెండు ముక్కలు కలిపిన ప్రశ్న వస్తే విడదీయండి. 'మీరు ప్రతివాది ఇంటికెళ్లి ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారు, అవునా?' అంటే 'ఇంటికి వెళ్లాను. ఖాళీ నోటు కాదు, నింపిన నోటు మీదే సంతకం పెట్టారు.'

చివర్లో సజెషన్లు వస్తాయి, అంటే అవతలి లాయర్ తన పార్టీ వాదనని మీ ముందు పెట్టి ఒప్పుకుంటారా అనడం. 'ఈ నోటు మీరే సృష్టించారంటాను', 'మీరు అబద్ధం చెప్తున్నారంటాను'. ఇక్కడ చాలామంది 'ఎంత మాటన్నారండీ' అని ఎగురుతారు. ఆయనకి మీ మీద కోపమేం లేదు, తన పార్టీ వాదన సాక్షి ముందు పెట్టకపోతే ఆర్గ్యుమెంట్లప్పుడు క్రాస్‌లో అడగలేదేం అంటారు, అందుకే పెడతారు. ఇక్కడ మాత్రం 'నిజం కాదు' అని ఊరుకోండి, క్రియ అక్కర్లేదు. అన్నింటికీ తెలియదు అన్నాయన దీనికీ అదే అన్నారట, తను దొంగ నోటు రాశాడో లేదో తనకే తెలియదని!

దిగేముందు డిపోజిషన్ (మీరు చెప్పింది టైప్ చేసిన కాగితం) మీద సంతకం పెట్టిస్తారు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చదివి చెప్పమని అడగండి, తప్పుంటే జడ్జి గారికి అక్కడే చెప్పండి, ఇంటికొచ్చి మీ లాయర్ని తిడితే లాభం లేదు.

అభ్యాసం రాయడం మర్చిపోయా. ఇంట్లో మీతో బాగా గొడవపడే మనిషిని ఎంచుకోండి, మా ఇంట్లో అయితే మా బామ్మర్ది. మీ అఫిడవిట్ చేతికిచ్చి 60 ప్రశ్నలు, సగం 'లేదు కదా' తో ముగిసేవి, అడిగించుకుని ఫోన్లో రికార్డ్ చేయండి. తర్వాత వింటూ ఎన్ని 'ఆ', ఎన్ని 'ఊ', ఎన్ని 'అవునండీ' వచ్చాయో గీతలు గీయండి. అయిదు దాటితే రేపు మళ్లీ 60.