కొండ ఎక్కే ముందు కొండ పాదం చూడండి

తిరుపతికి వచ్చే బంధువులకు నేను పెట్టే షరతు ఒక్కటే. దర్శనం వేళ మీ ఇష్టం, కొండను చూపించే రోజు మాత్రం నాది. మా నాన్న చంద్రగిరి దగ్గర బండలు కొట్టేవారు. తర్వాత నేను భూగర్భశాస్త్రం చదివాను కానీ, రాయిని చూడటం ముందు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పేది ఆయన పద్ధతే.

ముందు ఊళ్ళోనే ఏదైనా మిద్దె ఎక్కి, ఎండ ఏటవాలుగా పడే వేళ ఉత్తరం వైపు చూడండి. పైన నిట్టనిలువు గోడ, అడ్డంగా పొరలు పొరలుగా కనిపిస్తుంది. దాని కింద పొదలు కప్పిన వాలు. ఆ గోడ ఒక రాయి, ఆ వాలు వేరే రాయి. రెండూ కలిసే చోటు ఎక్కడో వేలితో చూపించగలిగితే సగం పని అయినట్టే.

సంచిలో ఒక భూతద్దం, నీళ్ళ సీసా చాలు. రాయిని తడిపితే దాని రేణువులు బాగా తేలతాయి. సుత్తి తీసుకురావద్దు. ఇది రక్షిత అడవి, ఇక్కడి రాళ్ళలో కొన్ని జాతీయ స్మారకాలు. విరిచి ఇంటికి తీసుకెళ్ళిన ముక్క నాలుగు రోజులకు అలమారలో దుమ్ము పడుతుంది, కొండకు పడిన గాయం మాత్రం మానదు.

తొలి మజిలీ చంద్రగిరి. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన ఈ కోట వెనకున్న కొండ గ్రానైట్. రాజమహల్ మ్యూజియం చూసి, బయట నున్నని బండ దగ్గర ఒక పావుగంట కూర్చోండి. ఉల్లిపొర ఊడినట్టు రాయి పెచ్చులుగా లేచిన చోట్లు ఉంటాయి. తడిపి భూతద్దంలో చూస్తే గాజులా మెరిసే పలుగురాయి, లేత రంగు ఫెల్డ్‌స్పార్, నల్లటి అభ్రకం విడివిడిగా కనిపిస్తాయి. ఈ రాయి భూమి లోపల చాలా లోతున, కరిగిన ముద్ద నెమ్మదిగా చల్లారితే ఏర్పడింది. వయసు 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ.

అక్కడి నుంచి శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టుకు రండి. మెట్లు అలిపిరి కంటే తక్కువ, ఎక్కుడు మాత్రం ఎక్కువ. మోకాళ్ళ నొప్పులుంటే అలిపిరి దారే మేలు. ఎటు ఎక్కినా చూడాల్సింది మెట్టును కాదు, పక్కనున్న రాయిని. కాసేపటికి గుండ్రటి బండలు పోయి, అంచులు పదునైన పలకలు మొదలవుతాయి. ఇది క్వార్ట్‌జైట్. నాన్న దీన్ని ఉలి మాట వినని రాయి అనేవారు. గ్రానైట్ మేకులు దిగిన వరసలో చీలుతుంది, ఇది తన ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది. ఒకప్పుడు ఇది సముద్రపు ఇసుక. కొన్ని పలకల మీద అలల ముద్రలు ఇప్పటికీ గీతలు గీతలుగా ఉన్నాయి. దొరికితే వాటి మీద అరచెయ్యి పెట్టి చూడండి.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. లోతున పుట్టిన గ్రానైట్ మీద ఇసుక నేరుగా ఎలా పరుచుకుంది? ఆ గ్రానైట్ పైన ఉన్న కిలోమీటర్ల మందం రాయంతా వానకూ గాలికీ అరిగిపోయి, అది బయటపడి, ఆ తర్వాత సముద్రం వచ్చింది కాబట్టి. రెండు రాళ్ళ మధ్య సన్నని గీత వెనక సుమారు 80 కోట్ల ఏళ్ళున్నాయి. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే ఈ గీతను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. ఏటా కోట్ల మంది దాన్ని దాటుతున్నారు. అది ఉందని ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పైన శిలాతోరణం గుడికి దగ్గరే. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న ఈ సహజమైన కమాను కూడా అదే క్వార్ట్‌జైట్. మెత్తటి భాగాలు అరిగిపోగా గట్టివి నిలిచాయి. కంచె బయటి నుంచే పొరలు లెక్కపెట్టవచ్చు.

మా అక్క కొడుకు ఇక్కడ నిలబడి, "పిన్నీ, డైనోసార్ ఎముక ఎక్కడ?" అని అడిగాడు. ఈ కొండలో ఉండదు. ఈ ఇసుక పరుచుకున్నప్పుడు ఎముకలున్న ప్రాణే భూమి మీద లేదు. శిలాజాలే కావాలంటే మరో రోజు కేటాయించాలి. కడప జిల్లా వేంపల్లె వైపు డోలమైట్ రాళ్ళలో, క్యాబేజీ కోసినట్టు వలయాలతో, అతి సూక్ష్మజీవుల తెట్టు కట్టిన స్ట్రోమటోలైట్లున్నాయి. చెట్ల యుగం చూడాలంటే తూర్పున సత్యవేడు. అక్కడి గులకరాళ్ళ ఇసుకరాయి డైనోసార్ల కాలానిది. దాని కుటుంబానికే చెందిన పొరల్లో శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో ఆకుల అచ్చులు దొరికాయి.

దిగేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. దిగే బండ్లు 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగా వస్తాయి. రోడ్డు కోసం కొండను చెక్కిన చోట్ల ముందు పొరల రాయి, తర్వాత పొరలు లేని ముద్ద రాయి వస్తాయి. మావాడు మూడో ప్రయాణంలో ఆ మార్పు నాకంటే ముందే పట్టుకుని, బస్సులో అందరికీ వినిపించేలా "ఇదిగో, ఇక్కడే!" అని అరిచాడు. పక్క సీటులోని పెద్దాయన కూడా తల బయటికి తిప్పి చూశారు.