మన తేమకి, మన చెదకి పైన్ కర్ర నిలవాలంటే: కొనేముందు ఏం చూడాలి

పైన్ కర్రతో మంచం, అల్మరా, టీవీ యూనిట్ చేయిద్దామనుకునేవాళ్లు మా వైపు ఈమధ్య బాగా పెరిగారు. కొందరు టేకు ధర విని వెనక్కి తగ్గినవాళ్లు, కొందరికి లేత రంగు ఇళ్లు నచ్చాయి, ఇంకొందరికి అడవి కొట్టేసిన కర్ర ఇంట్లో పెట్టుకోవడం ఇష్టం లేదు. మూడూ మంచి కారణాలే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూన్ నుంచి తుఫాన్ల నెలలు దాటేదాకా గాలి నిండా తేమే, చెద గురించి అయితే చెప్పక్కర్లేదు. అందుకని కర్ర ఎంచుకోవడానికి నేను ఒకే కొలత పెట్టుకున్నాను: ఆ చెట్టు పెరగడానికి ఎన్నేళ్లు పట్టిందో కనీసం అన్నేళ్లు ఆ వస్తువు ఇంట్లో నిలవాలి. న్యూజిలాండ్‌లో రేడియాటా పైన్‌ని నాటిన 25 నుంచి 30 ఏళ్లకి కోస్తారు. ఆ కర్రతో చేసిన మంచం నాలుగేళ్లకే చెదపట్టి పొయ్యిలోకి పోతే, ఎంత పద్ధతైన తోట నుంచి వచ్చినా ఆ చెట్టుని మనం వృథా చేసినట్టే. కింద చెప్పేదంతా ఈ కొలత కోసమే.

ముందు పేరు సంగతి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తికమకపడతారు. సాఫ్ట్‌వుడ్ అంటే మెత్తటి కర్ర అని అర్థం కాదు, పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు లాంటి సూదాకుల చెట్ల కలప అని. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర చాలా మెత్తన, అయినా అది సాఫ్ట్‌వుడ్ కాదు. మన తీరం పొడుగునా ఉన్న సరుగుడు చూడ్డానికి పైన్ చుట్టంలా ఉంటుంది, అదీ కాదు. అది గట్టి కలప, పందిరి గుంజలకి బాగుంటుంది గానీ ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది, ఫర్నిచర్ జోలికి తీసుకురావద్దు. రబ్బర్‌వుడ్ కూడా లేత రంగే కాబట్టి అది పైన్ పేరుతో వచ్చే అవకాశం ఉంది. తేడా పట్టుకోవడం తేలికే. పలక చివర కోత దగ్గర చూడండి, పైన్‌లో లేత, ముదురు వలయాలు ఒకదాని పక్కన ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి, కొత్తగా కోస్తే బంక వాసన వస్తుంది. రబ్బర్‌వుడ్‌లో ఆ వలయాలు అంత తేటగా ఉండవు, పలక మీద చిన్న చిన్న సన్నటి గీతలు కనిపిస్తాయి.

మన షాపుల్లో దొరికే పైన్‌లో చాలాభాగం దిగుమతిది. దుంగలు ఎక్కువగా గుజరాత్‌లోని కాండ్లా పోర్టులో దిగి, పక్కనే గాంధీధామ్ మిల్లుల్లో కోతకెళ్లి, అక్కడి నుంచి దేశమంతా తిరుగుతాయి. అరకు వెళ్లి పైన్ తోటలో ఫోటోలు దిగాం కదా అని షాపులో ఉన్నది ఆ తోటదే అనుకోకండి. ఎవరైనా దేవదారు ఉందంటే మాత్రం కాస్త ఆగండి. దాని చేవలో నూనె ఉంటుంది, చెదని బాగా తట్టుకుంటుంది, కర్రగా దానికి వంక పెట్టలేం. కానీ అది హిమాలయాల్లో నెమ్మదిగా పెరిగే చెట్టు, 1996 నుంచి సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల సహజ అడవుల నరుకుడు మీద గట్టి కట్టడి ఉంది. ఎక్కడ ఏ వేలంలో కొన్నారో కాగితం చూపించలేకపోతే కొనకండి.

కాగితం అంటే గుర్తొచ్చింది, ముద్రల గురించి. పద్ధతిగా చూసుకునే అడవుల, తోటల కర్రకి వేసే ముద్రల్లో ప్రపంచంలో ఎక్కువగా కనిపించేవి రెండు: 1993లో మొదలైన ఎఫ్ఎస్‌సీ, 1999లో వచ్చిన పీఈఎఫ్‌సీ. అడవి లేదా తోట నుంచి షాపు దాకా కర్ర చేతులు మారిన దారి మొత్తానికి లెక్క ఉందని ఈ ముద్రలు చెప్తాయి. షాపు గోడ మీద పచ్చ బొమ్మ ఉంటే చాలదు. ఎఫ్ఎస్‌సీ ముద్ర కింద "ఎఫ్ఎస్‌సీ-సి" అని, ఆ తర్వాత ఆరు అంకెలు ఉంటాయి, ఆ నంబరుని వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే అది ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలుస్తుంది. మీ బిల్లు మీద కూడా ఆ మాట రాయమనండి. చిన్న సామిల్లుల్లో అసలు ముద్రే ఉండకపోవచ్చు, అంతమాత్రాన అది దొంగ కర్ర అయిపోదు. ఏ దేశానిది, తోటదా అడవిదా, దిగుమతి బిల్లు ఉందా అని మూడు ప్రశ్నలు అడగండి. సూటిగా జవాబు చెప్పే మనిషి దగ్గర కొనండి.

విశాఖ పోర్టు పక్కనే ఉంది కాబట్టి ప్యాకింగ్ పెట్టెల కర్ర, ప్యాలెట్ల కర్ర మనకీ దొరుకుతుంది. నాకు ఇది చాలా ఇష్టం, ఒకసారి వాడేసిన కర్రకి రెండో బతుకు వస్తుంది. దాని మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది, అందులో రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూడండి. హెచ్‌టీ అని ఉంటే కర్ర లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలేలా వేడి చేశారని అర్థం, అది తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని, అది ఇంట్లోకి వద్దు. నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్నవీ వద్దు. ఒక్కటి గుర్తుంచుకోండి, హెచ్‌టీ ముద్ర అప్పటికి లోపలున్న పురుగు చచ్చిందనే చెప్తుంది. కర్ర ఆరిందనీ చెప్పదు, రేపు చెద పట్టదనీ చెప్పదు.

ఇక ఆరడం గురించి. నా తప్పు ఇక్కడే జరిగింది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. మొదటిసారి సెప్టెంబరు వానల్లో పలకలు కొన్నాను, షాపతను బాగా ఆరిన సరుకే అన్నాడు, నేను నమ్మి వారంలోనే డైనింగ్ టేబుల్ చేయించేశాను. ఏప్రిల్ వచ్చేసరికి పలకల మధ్య పెన్సిల్ దూరేంత సందులు, ఒక పలక దోనెలా వంగిపోయింది. మా మేస్త్రి వచ్చి చూసి, "ఏటి బాబూ, తడి కర్ర తెచ్చి బల్ల సెయ్యమంతే ఏటవుద్ది మరి?" అన్నాడు. ఆ బల్ల విప్పి, పలకలు మళ్లీ అతికి, రెండోసారి కూలి ఇచ్చుకున్నాను.

కర్ర పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. మన తీరంలో ఇంట్లో వాడే కర్రకి తేమ 10 నుంచి 14 శాతం మధ్య ఉంటే ఇబ్బంది ఉండదు. రెండు సూదులుండే తేమ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది పట్టుకుని షాపుకి వెళ్లండి, ఎవరేమనుకున్నా పర్వాలేదు, పలక మధ్యలో గుచ్చి చూడండి, చివర్లు ముందే ఆరతాయి కాబట్టి అక్కడ చూస్తే చాలావరకు తక్కువే చూపిస్తుంది. మీటర్ లేకపోతే పలక మధ్య నుంచి అరడుగు ముక్క కోయించి, కోసిన రెండు చివర్లకీ పెయింట్ పూసి (లేకపోతే ఆ ముక్క పలకల కంటే ముందే ఆరిపోతుంది), వంటింటి త్రాసులో తూచి, బరువు రాసిపెట్టి, ఇంట్లోనే నీడలో ఉంచి వారానికోసారి తూచండి. రెండు వారాలు వరుసగా బరువు మారలేదంటే అది మీ ఇంటి గాలికి అలవాటు పడింది. అప్పటిదాకా మిగతా పలకల్ని ఏ గదిలో వాడతారో ఆ గదిలోనే ఇటుకల మీద పేర్చి, వరసకీ వరసకీ మధ్య అడుగున్నర, రెండడుగులకో సన్న పట్టీ పెట్టి, ఆ పట్టీలు కిందా మీదా ఒకే గీతలో ఉండేలా చూడండి. ఎండలో పడేయకండి, ఒక పక్కే ఆరి వంగుతుంది. మేస్త్రి తొందరపెడతాడు, పండగ దగ్గరపడుతోందని ఇంట్లోవాళ్లూ తొందరపెడతారు, ఆ టెన్షన్‌లో లొంగిపోకండి.

చెద విషయం. పైన్‌కి తనంతట తాను చెదని ఆపే శక్తి లేదు, ఇది ఒప్పుకుని మొదలుపెడితే మంచిది. లోపలి ఫర్నిచర్‌కి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన మందు పట్టించిన కర్ర నా మొదటి ఎంపిక, మనుషులకి హాని తక్కువ, రంగు మారదు. అయితే నీళ్లు తగిలితే ఆ మందు కరిగిపోతుంది కాబట్టి పొడి చోట్లకే. పచ్చటి ఛాయ ఉన్న పైన్ చూపించి ఇది చెద పట్టదంటే, అది చాలావరకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ పట్టించినది అయ్యుంటుంది. అది బయటి కంచెకి, గుంజలకి. వంటింట్లోకీ పిల్లల మంచానికీ వద్దే వద్దు, దాని పొట్టు పీల్చకూడదు, ముక్కలు ఎట్టి పరిస్థితుల్లోనూ పొయ్యిలో పెట్టకూడదు. మన ఊళ్లల్లో వడ్రంగి పని అయ్యాక మిగిలిన ముక్కలు నీళ్లు కాచుకోవడానికి పోతాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట తప్పకుండా చెప్పండి. మందుతో పాటు అమరిక కూడా ముఖ్యం: కాళ్ల కింద రబ్బరు బూట్లు వేయించండి, గోడకి అల్మరా వీపుకి మధ్య టార్చి వెలుతురు పడేంత సందు వదలండి. చెద గోడ వెంట మట్టి దారి కట్టుకుంటూ వస్తుంది, ఆ దారి కనిపిస్తే చాలు, సగం గెలిచినట్టే.

పలకలు ఏరుకునేటప్పుడు కంటి దగ్గర పెట్టి పొడవునా చూడండి, మెలిక ఉంటే అక్కడే తెలుస్తుంది. గట్టిగా, చుట్టూ కర్రతో కలిసిపోయిన ముడులు అందమే. చుట్టూ నల్లటి వలయం ఉన్న ముడి మాత్రం ఎప్పుడో ఊడిపోతుంది. నీలి మచ్చ బలాన్ని పెద్దగా తగ్గించదు, కానీ తడిగా ఎక్కువ రోజులు ఉందని చెప్తుంది, మీటర్ మళ్లీ గుచ్చండి. లెక్క ఘనపుటడుగుల్లో వేస్తారు: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో పెట్టి గుణించి 144తో భాగించాలి. 7 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం పలక 0.44 ఘనపుటడుగు. చిత్రిక పట్టాక మందం తగ్గుతుంది కాబట్టి మీకు కావాల్సిన కొలత కంటే ఎక్కువే కొనాలి.

పైన్ ఎక్కడ వాడాలంటే మంచం చట్రం, పుస్తకాల అరలు, అల్మరా తలుపులు, గోడ ప్యానెళ్లు, దేవుడి మందిరం. బాత్రూమ్ తలుపుకి, సింక్ కిందకి, వాన జల్లు పడే గుమ్మానికి వద్దు. ద్వారబంధాలకి వేప, నల్లమద్ది మనకి దగ్గర్లోనే దొరుకుతాయి, విదేశాల నుంచి ఓడలో రావాల్సిన పని లేదు. పనస సంగతి వేరే చెప్పాలి. బొబ్బిలి వీణ అంతా పనస దుంగలోంచే వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లూ పడిపోయాయి, అలా గాలికి పడిన చెట్టు కర్ర దొరికితే నేను ఏ ముద్రా అడగను, పైన్ పక్కనపెట్టి అదే తీసుకుంటాను. నిలబడి ఉన్న చెట్టు కొట్టించాలంటే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి గురించి ముందే కనుక్కోండి.

చేయించేటప్పుడు మేస్త్రికి రెండు మాటలు చెప్పండి. టేకుకి అలవాటైన చెయ్యి పైన్‌లో స్క్రూ నేరుగా దింపేస్తుంది, చివర చీలిపోతుంది, ముందు సన్న రంధ్రం వేయాల్సిందే. తీరానికి దగ్గరైతే స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ఇత్తడి స్క్రూలే వాడమనండి, మామూలువి ఉప్పు గాలికి తుప్పుపట్టి కర్ర మీద నల్లటి మరక దింపుతాయి. ముప్పావు అంగుళం పలకతో పుస్తకాల అర వేస్తే రెండున్నర అడుగులకి మించి ఆసరా లేకుండా వదలొద్దు. మందం రెట్టింపు చేస్తే వంగడం ఎనిమిదో వంతుకి తగ్గుతుంది కాబట్టి, పొడుగు అర కావాలంటే మందంలో పిసినారితనం చేయకండి.

రంగు వేసే ముందు ముడుల మీద లక్క పాలిష్ రెండు చేతులు పట్టించండి, లేకపోతే వేసవిలో బంక పైకి వచ్చి పసుపు చుక్కలు కనిపిస్తాయి. ముదురు రంగు స్టెయిన్ పైన్‌కి మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది, టేకు రంగు తెప్పించాలని చూడకండి, లేత రంగుగానే వదిలి నీటి ఆధారిత పీయూ (పాలీయూరిథేన్ పూత) వేయించండి, అడుగునా, వెనకా కూడా, ఎందుకంటే ఒక పక్కే పూత ఉంటే రెండో పక్క తేమ తాగి పలక వంగుతుంది. మొదటి వానాకాలం తలుపులు కాస్త బిగుస్తాయి, అప్పుడే చిత్రిక పట్టించేయకండి, జనవరిలో మళ్లీ చూడండి, చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. అప్పటికీ బిగువుగా ఉంటేనే మేస్త్రిని పిలవండి, పిలిచినప్పుడు మంచం బోల్టులు కూడా ఒకసారి బిగించమనండి.