ఆపరేషన్‌లో రక్తం ఆపే స్పాంజ్‌ని టెస్ట్ చేయడం ఎలా
ముందు ల్యాబ్‌లో మొదలెట్టండి. సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) కలిపిన రక్తం 37 డిగ్రీల దగ్గర ఉంచి, అందులో స్పాంజ్ ముక్క వేసి, మళ్ళీ గడ్డకట్టేలా కాల్షియం క్లోరైడ్ కలిపి, ట్యూబ్ వంచుతూ రక్తం జారడం ఆగిన టైమ్ రాసుకోవాలి, పక్కనే మామూలు గాజ్ (గాయానికి కట్టే పలచటి గుడ్డ) వేసిన ట్యూబ్ లేకపోతే ఆ నంబర్‌కి అర్థమే లేదు. స్పాంజ్ తగిలి ఎర్రకణాలు 5 శాతం మించి పగిలితే దాన్ని పక్కన పెట్టేయండి. కణాలకి విషమా కాదా అన్నది ఐఎస్ఓ 10993 (వైద్య పరికరాలు శరీరానికి సురక్షితమా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం చూడాలి.

జంతువుల్లో అయితే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ వచ్చాకే, మత్తిచ్చి లివర్ మీద చిన్న గాయం చేసి, ముందే తూచిన గాజ్‌తో కారిన రక్తం పీల్చి మళ్ళీ తూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. నొక్కే బలం అన్నిటికీ ఒకటే ఉండాలి, చాలామంది తప్పేది ఇక్కడే. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చాక కూడా ఆగుతుందా? అసలు పరీక్ష అదీ. ఆగింది కదా అని వదిలేయకండి, కొన్ని స్పాంజ్‌లు లోపల ఉబ్బి నరాన్ని (నెర్వ్‌ని) నొక్కేస్తాయి, అందుకే కొన్ని వారాలాగి టిష్యూ తీసి స్పాంజ్ కరిగిందో లేదో చూడాలి.