వర్క్‌స్టేషన్ కీబోర్డు సాధన – 5వ పాఠం: సన్నాయి వరుసను దిద్దడం, సన్నాయి గొంతు తయారుచేయడం

గత పాఠంలో ఏడు దెబ్బల మిశ్ర చాపు తాళంలో డోలును ఒక ట్రాకులోనూ, మోహన రాగంలో చిన్న సన్నాయి వరుసను మరో ట్రాకులోనూ రికార్డు చేసుకున్నాం. ఈసారి ఆ రెంటినీ దిద్ది, సన్నాయికి సొంత శబ్దం తయారుచేద్దాం. సీక్వెన్సు (రికార్డు చేసుకున్న స్వరాల, దెబ్బల వరుస) దిద్దడాన్నీ శబ్దం తయారుచేయడాన్నీ రెండు పాఠాలుగా చెప్పడం వాడుక. నేను కావాలనే కలిపి చెబుతున్నాను. 1988లో వచ్చిన కోర్గ్ ఎమ్1 నాటి నుంచీ వర్క్‌స్టేషన్ గొప్పతనమంతా శబ్దాలూ సీక్వెన్సరూ ఎఫెక్టులూ ఒకే పెట్టెలో ఉండటమే. పైగా ఊదే వాద్యాల దగ్గర స్వరం నిడివిని ఒక్క పిసరు మార్చినా వాద్యం గొంతే మారిపోతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. పాత వర్క్‌స్టేషన్లు చాలావాటిలో కరెంటు పోతే సీక్వెన్సు చెరిగిపోతుంది. రాయగడ, గుణుపురం వైపు వానాకాలపు సాయంత్రాల సంగతి మీకు తెలియనిది కాదు. దిద్దడం మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి, వేర్వేరు పేర్లతో సేవ్ చేయండి. పాటను సేవ్ చేసినంత మాత్రాన మీరు మార్చిన శబ్దం కూడా నిలిచిపోయిందని అనుకోకండి. దాన్ని విడిగా ఖాళీ స్థానంలోకి రాయాలి. రాయకుండా మరో శబ్దానికి వెళితే మీ మార్పులన్నీ పోతాయి.

ఇక డోలు. సీక్వెన్సరు కాలాన్ని టిక్కుల్లో కొలుస్తుంది. క్వార్టర్ నోటుకు కొన్ని కీబోర్డుల్లో 192 టిక్కులు, మరికొన్నింటిలో 480 ఉంటాయి. ఈ పాఠంలో 480 లెక్కే వాడతాను. టెంపో 120 దగ్గర క్వార్టర్ నోటు అర సెకను, అంటే ఒక టిక్కు సుమారు ఒక మిల్లీసెకను. మన బారు 7/8. ఒక్కో ఎయిత్ నోటుకు 240 టిక్కులు, బారు మొత్తానికి 1680. తకిట తక ధిమి అని నోటితో చెప్పుకుంటూ ఈవెంట్ లిస్టు (ఒక్కో దెబ్బ కాలం, బలం, నిడివి అంకెల్లో కనిపించే జాబితా) తెరవండి. బరువు పడాల్సినవి 1, 4, 6 దెబ్బలు. మొదటి దెబ్బకు వెలాసిటీ (దెబ్బ బలం) 110 దాకా, నాలుగు, ఆరింటికి 95 చుట్టుపక్కల, మిగిలినవాటికి 70 నుంచి 80 మధ్య ఇవ్వండి. అన్నిటికీ ఒకే అంకె మాత్రం వద్దు.

దెబ్బలను దగ్గరలోని కాలపు గీత మీదికి లాగే క్వాంటైజ్ బటన్‌ను చూడగానే నూటికి నూరు శాతం పెట్టి నొక్కేసేవాళ్లే ఎక్కువ. డోలుకు అది చేటు. దరువు మధ్యలో రెండు దెబ్బలు గబగబా పడే చోటు ఉంటుంది కదా, ఎయిత్ నోటు గీతకు క్వాంటైజ్ చేస్తే ఆ రెండూ వెళ్లి ఒకే గీత మీద కూర్చుంటాయి. రెండు దెబ్బలు ఒక్కటై, అందం కాస్తా పోతుంది. క్వాంటైజ్ బలాన్ని 50 శాతం దగ్గర ఉంచండి. 30 టిక్కులు ఆలస్యమైన దెబ్బ 15 టిక్కుల ఆలస్యానికి వస్తుంది. చెవికి అది తప్పుగా తోచదు, చేతి వాటంగానే వినిపిస్తుంది. ఆ తర్వాత కూడా ఇబ్బంది పెట్టే దెబ్బలు ఏవైనా మిగిలితే వాటిని మాత్రం లిస్టులో ఒక్కొక్కటిగా జరపండి.

సన్నాయి ట్రాకును మాత్రం క్వాంటైజ్ జోలికి పోనివ్వకండి. దాన్ని చేత్తో దిద్దుదాం, అంతకంటే ముందు గొంతు తయారుకావాలి.

జనరల్ మిడి అనే ఉమ్మడి శబ్దాల జాబితాలో షెనాయి 112వది, పాశ్చాత్యుల ఊదే వాద్యం ఓబో 69వది. కొన్ని కీబోర్డులు సున్నా నుంచి లెక్కపెడతాయి కాబట్టి అక్కడ 111, 68 అని కనిపిస్తాయి. షెనాయి పేరు చూసి అదే తీసుకోవాలనిపిస్తుంది కానీ, నా మాట విని ఓబో తరంగంతో మొదలుపెట్టండి. అది కూడా రెండు పీకల మధ్య గాలి అదిరి పలికే వాద్యమే. పైగా తయారుగా ఉన్న షెనాయి శబ్దాల్లో కంపనం ముందే కలిపి ఉంటే దాన్ని తీసేయడం మన చేతిలో ఉండదు.

రెండో ఆసిలేటర్‌లోనూ (తరంగాన్ని పలికించే భాగం) అదే తరంగం పెట్టి, 5 సెంట్లు పైకి జరపండి. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. మేళంలో ఇద్దరు సన్నాయి విద్వాంసులు ఒకే స్వరం ఊదినప్పుడు వినిపించే నిండుతనం కొంత వస్తుంది. 15 సెంట్లు దాటితే శ్రుతి తప్పినట్టే ఉంటుంది. శబ్దం ఎలా లేచి ఎలా ఆగాలో చెప్పే ఎన్వెలప్‌లో అటాక్ (లేవడం) 20 మిల్లీసెకన్ల దగ్గర, సస్టైన్ (నిలబడటం) దాదాపు పూర్తిగా, రిలీజ్ (ఆగడం) 80 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఊపిరి ఆడినంతసేపూ స్వరం తగ్గకుండా నిలబడుతుంది, ఊపిరి ఆగగానే తెగిపోతుంది. కంపనానికి ఎల్ఎఫ్ఓ (స్వరాన్ని నెమ్మదిగా ఊపే తరంగం) వేగం సెకనుకు 5 నుంచి 6 సార్లు చాలు. అది స్వరం మొదలైన కాసేపటికి అందుకునేలా డిలే పెట్టండి.

అసలు కిటుకు వాయిస్ మోడ్‌లో ఉంది. పాలీ (ఒకేసారి పలు స్వరాలు) నుంచి మోనోకు (ఒక్కసారికి ఒకే స్వరం) మార్చి, స్వరాలను కలిపి పలికించే లెగాటో ఆన్ చేయండి. ఇప్పుడు ఒక స్వరం ఇంకా మోగుతుండగానే రెండో స్వరం మొదలైతే అటాక్ మళ్లీ రాదు, కొత్త స్వరం పాతదాని ఊపిరిలోనే కలిసిపోతుంది. మధ్యలో సందు ఉంటే మాత్రం అటాక్ కొత్తగా మొదలవుతుంది, అంటే నాలుకతో తట్టి ఊదినట్టు.

ఇప్పుడు సన్నాయి ట్రాకు ఈవెంట్ లిస్టుకు రండి. లిస్టులో ఒక్కో కీకి ఒక అంకె ఉంటుంది. షడ్జమాన్ని 60 మీద పెట్టుకున్నాం కనుక మోహన స్వరాలు 60, 62, 64, 67, 69. స రి గ మూడూ ఒక్కొక్కటి 240 టిక్కుల దూరంలో ఉన్నాయనుకోండి. మూడింటి నిడివీ 210 పెట్టి వినండి, ప్రతి స్వరం విడివిడిగా తట్టినట్టు పలుకుతుంది. స, రిల నిడివిని 255కు పెంచి మళ్లీ వినండి. ఇప్పుడు మూడూ ఒక్క ఊపిరిలో పలుకుతాయి. వాయించిన కీలు మారలేదు, శబ్దమూ మారలేదు. మారింది 45 టిక్కుల నిడివి మాత్రమే. ఎక్కడ తట్టాలో ఎక్కడ కలపాలో మీ వరుసలో ఒక్కో స్వరానికీ ఇలా నిర్ణయించుకోండి. ఇందుకు పూటంతా పట్టినా ఫరవాలేదు. సన్నాయికి ప్రాణం ఇక్కడే ఉంది.

తర్వాత జారు. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ విలువ −8192 నుంచి +8191 వరకు ఉంటుంది. బెండ్ పరిధి రెండు అర్ధస్వరాలైతే, గాంధారం మీద −8192కు దించగానే సరిగ్గా రిషభానికి చేరుతుంది. పంచమం నుంచి గాంధారానికి జారాలంటే మూడు అర్ధస్వరాల దూరం కాబట్టి ఆ పరిధి చాలదు, మూడుకు పెంచాలి. బెండ్ చక్రం తిప్పి రికార్డు చేస్తే లిస్టు నిండా బెండ్ ఈవెంట్లు కుప్పపడతాయి. అవి తీసేసి చేత్తో ఎనిమిదో పదో రాసుకుంటే మెమరీ మిగులుతుంది, జారు కూడా నునుపుగానే ఉంటుంది. జారు ముగిశాక బెండ్‌ను సున్నాకు తేవడం మరిచిపోతే తర్వాతి స్వరాలన్నీ దిగిపోతాయి. ఆ సున్నాను స్వరం ముగిసిన వెంటనే పెడితే రిలీజ్ తోక ఎగిరినట్టు వినిపిస్తుంది. తర్వాతి స్వరం మొదలవడానికి ఒకటి రెండు టిక్కుల ముందు పెట్టండి. ట్రాకు మొట్టమొదట కూడా ఒక సున్నా ఉంచండి, మధ్యలో ఆపి మళ్లీ మొదటి నుంచి వాయించినప్పుడు అదే కాపాడుతుంది.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన అభ్యాసం: బరంపురంలో తెలుగు పెళ్లికి సన్నాయి కావాలి, ఒడియా పెళ్లికి సన్నాయి లాంటిదే అయిన మహురి కావాలి. మహురిది మరింత సన్నని, పదునైన గొంతు. మీ సన్నాయి శబ్దాన్ని మరో స్థానంలోకి కాపీ చేసి, రెండో ఆసిలేటర్ తీసేయండి. ఫిల్టర్ కటాఫ్ (ఫిల్టర్ శబ్దాన్ని తగ్గించడం మొదలుపెట్టే చోటు) పెంచి, రెజొనెన్స్ (ఆ చోట శబ్దాన్ని ఎత్తి చూపడం) కొంచెం కలపండి. అటాక్‌ను 10 మిల్లీసెకన్లకు దించండి. అదే మోహన వరుసను ఈ గొంతుతో వినండి. సన్నాయికి కుదిరిన 255 టిక్కుల నిడివి ఇక్కడ అన్ని చోట్లా కుదరదు. ఏ స్వరాలను కుదించాలో చెవితో తేల్చుకుని, ఆ లిస్టును పాత దాని పక్కనే వేరే పేరుతో సేవ్ చేసి ఉంచండి.