చెమటోడ్చే మగవాళ్ళు మల్టీవిటమిన్ మాత్ర ఎలా ఎంచుకోవాలి?

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులకు కొదవ లేదు, మందుల షాపులకు అసలే లేదు. అలాంటి ఒక షాపులో కౌంటరు వెనక చాలా ఏళ్ళుగా నిలబడుతున్నాను. పొద్దున ఏడు దాటాక ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో వాకింగో షటిలో ముగించుకుని, టీషర్టు మీద చెమట ఆరకముందే వచ్చేవాళ్ళు కొందరుంటారు. "అన్నా, బలానికి ఏదన్నా మంచి మాత్ర ఇయ్యి, ఈ మధ్య బాగా నీరసంగా ఉంటోంది." ఏదిచ్చినా తీసుకుంటారు. ఎక్కువ రేటుదిస్తే ఇంకా నమ్మకంగా తీసుకుంటారు. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉందంటే ఇక ప్రశ్నలే ఉండవు.

అమ్ముకునేవాణ్ణే చెబుతున్నాను, బొమ్మ ఉన్న వైపు వదిలేసి డబ్బా వెనక్కి తిప్పండి. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. అయితే ఆ వెనక వైపు అర్థం కావాలంటే ముందు మీ గురించి మీకు కొంచెం తెలియాలి.

1. ఎంత కష్టపడుతున్నారో నిజాయితీగా చూసుకోండి

పొద్దున ముప్పావుగంట నడిచి, తర్వాత రోజంతా బ్యాంకులో కుర్చీకి అతుక్కుపోయేవాడు కూడా "నేను బాగా యాక్టివ్" అనే అంటాడు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రాయి కోసేవాడు, కొత్తపట్నం ఒడ్డున వల లాగేవాడు ఆ మాట ఎప్పుడూ అనరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో మగవాళ్ళ పనిని కూర్చుని చేసేది, మధ్యరకం, భారీ అని మూడు రకాలుగా విడదీశారు. రోజుకు కావలసిన బీ1 విటమిన్ కూర్చుని పనిచేసేవాడికి 1.4 మిల్లీగ్రాములు, మధ్యరకానికి 1.8, భారీ పనికి 2.3. తిన్న తిండిని శక్తిగా మార్చడానికి బీ విటమిన్లు కావాలి కాబట్టి, కష్టం పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి. సీ విటమిన్ 80 మిల్లీగ్రాములు, బీ12 2.2 మైక్రోగ్రాములు, డీ 600 యూనిట్లు. ఇవి మాత్రం క్వారీ కూలీకీ బ్యాంకు ఉద్యోగికీ ఒకటే.

ఎంత కష్టపడినా బీ1లో తేడా ఒక మిల్లీగ్రాము లోపే అని గమనించారా? "యాక్టివ్ మెన్" అని రాసిన మాత్రల్లో కొన్నిటిలో పది, ఇరవై మిల్లీగ్రాములు కూడా పోస్తారు. మిగిలింది ఒంట్లో నిలవదు, మూత్రంలో పోతుంది.

భారీ పని చేసేవాడు అన్నం కూడా దానికి తగ్గట్టే తింటాడు, బీ1 అందులోనే రావాలి. అడ్డుపడేది మిల్లు. తవుడుతో పాటు బీ1 అక్కడే పోతుంది. ఇంటికొచ్చాక రెండు మూడుసార్లు కడిగి, గంజి వార్చేస్తే మిగిలిందాంట్లో ఇంకొంత పోతుంది. నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని మురిసే మనం తెల్లగా మెరిసే సన్నబియ్యానికి ఇచ్చే మూల్యం ఇది. ఉప్పుడు బియ్యం, ఒక్కపట్టు బియ్యం, ప్రకాశం పడమటి పల్లెల్లో ఇంకా తినే సజ్జ, కొర్ర, రాగి ఈ విషయంలో చాలా మేలు.

2. పళ్ళెం చూడండి, ఎండ చూడండి

వారానికి రెండు మూడుసార్లు చేపల పులుసు, రోజూ గుడ్డు, పెరుగు ఉన్న ఇంట్లో బీ12కి మామూలుగా లోటుండదు. కానాగంతలు, కవళ్ళు లాంటి నూనె చేపల్లో డీ కూడా ఉంటుంది. ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తింటారు కాబట్టి కాల్షియం అందుతుంది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ పక్కనే పెట్టుకుని సీ విటమిన్ కోసం మాత్ర కొనే నెల్లూరు వాణ్ణి చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. మజ్జిగలో అర చెక్క నిమ్మకాయ పిండుకోండి, ఒక జామకాయ తినండి.

శాకాహారుల సంగతి వేరు. పప్పులో, ఆకుకూరల్లో బీ12 ఉండదు. పాలూ పెరుగూ కూడా సరిగా తీసుకోకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ నిల్వలు కరిగిపోయి, అరికాళ్ళు తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం మొదలవుతాయి.

డీ ఎండతో వస్తుందని అందరికీ తెలుసు. ఏ ఎండతో అన్నది చాలామందికి తెలియదు. తెల్లవారి అయిదున్నరకు వాకింగు మొదలుపెట్టి ఆరున్నరకు ఇంటికెళ్ళిపోతే డీ తయారు కాదు. దానికి కావలసిన కిరణాలు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపే ఒంటికి సరిగా తగులుతాయి. రొయ్యల చెరువు గట్టు మీద మేత చల్లేవాడికి ఆ ఎండ తగులుతుంది. చెరువు యజమాని ఏసీ కారు దిగడు.

3. నీరసానికి అసలు పేరు కనుక్కోండి

అన్నిటికంటే ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. మా షాపుకు వచ్చే నీరసాల్లో చాలా వాటికి మల్టీవిటమిన్ మందే కాదు.

రోహిణీ కార్తెలో షటిలాడి పిక్కలు పట్టేశాయంటే ముందు పోయింది నీళ్ళూ ఉప్పూ. ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్ ప్యాకెట్టో తాగితే సాయంత్రానికి తేరుకుంటారు. కనిగిరి వైపు నుంచి నడుం బిగుసుకుపోయిందని వచ్చేవాళ్ళకు తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ కారణం కావచ్చు, ఏ మాత్రా దాన్ని తీసేయలేదు. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి అయిదింటికి లేచేవాడి నీరసానికి నా దగ్గర మందు లేదు. షుగరు, థైరాయిడు చూపించుకోకుండా నెలల తరబడి బలం మాత్రలు మింగినవాళ్ళను కూడా చూశాను.

నీరసం రెండు మూడు వారాలకు పైగా ఉంటే డాక్టరుకు చూపించి, ఆయన చెబితే సీబీసీ (రక్తకణాల లెక్క), షుగరు, థైరాయిడు, బీ12, డీ పరీక్షలు చేయించండి. మగవాడికి హిమోగ్లోబిన్ తక్కువొస్తే రక్తం మాత్రలు వేసేసుకుని ఊరుకోవద్దు. మొలల వ్యాధో, కడుపులో పుండో, ఇంకేదో, రక్తం ఎక్కడ పోతోందో ముందు తేలాలి.

పరీక్షలో డీ బాగా తక్కువగా ఉంటే డాక్టర్లు 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకు రాస్తారు. అది మల్టీవిటమిన్ కాదు, వైద్యం. నాకు వరసకు బాబాయి అయ్యే ఆయన ఒకాయన ఎనిమిది మాత్రల అట్ట తీసుకెళ్ళాడు. వారానికి ఒకటని చెప్పాను, తలూపాడు. పది రోజులకే వచ్చి "అబ్బయా, అవి అయిపోయినయ్, బాగా పనిచేసినట్టుండాయి, ఇంకో అట్ట ఇయ్యి" అన్నాడు. నా గుండె జారింది. రెండు నెలల మందు ఎనిమిది రోజుల్లో మింగేశాడు. డీ మోతాదు అలా మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, ఆగని దాహం, చివరికి కిడ్నీల దాకా పోతుంది. అదృష్టం, డాక్టరు కాల్షియం పరీక్ష చేయించి ఏం కాలేదన్నాడు. తప్పు నాదీ ఉంది, తలూపగానే నమ్మేశాను. అప్పటి నుంచి ఆ అట్ట ఎవరికిచ్చినా ఒక్కో మాత్ర వెనక తేదీతో సహా "ఆదివారం" అని పెన్నుతో రాసిస్తున్నాను. మీ షాపులో రాయకపోతే మీరే రాసుకోండి.

4. ఇప్పుడు డబ్బా వెనక్కి తిప్పండి

తిండి సరిగా కుదరక, పరీక్షల్లో పెద్ద లోటేమీ లేక, ఒక మామూలు మల్టీవిటమిన్ చాలనుకుంటే ఇక్కడికి రండి. బీకాస్యూల్స్ అడిగి "మల్టీవిటమిన్ వాడుతున్నా" అనేవాళ్ళు చాలామంది. అది బీ కాంప్లెక్సు, సీ మాత్రమే. అందులో డీ లేదు.

మొదట "సర్వింగ్" ఎంతో చూడండి. పైన రాసిన అంకెలు ఒక మాత్రవా, రెండు మాత్రలవా అన్నది అక్కడ తెలుస్తుంది. తర్వాత ఆర్డీఏ శాతం, అంటే రోజుకు కావలసినదాంట్లో ఎంత శాతం అని ఒక నిలువు వరస ఉంటుంది. నేను ఎంచేది ఆ వరసలో అంకెలు వంద చుట్టుపక్కల ఉన్న మాత్రను. వెయ్యి శాతం, రెండు వేల శాతం చూసి మురిసిపోవద్దు. బీ6 లాంటిది మరీ ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలే దెబ్బతింటాయి. తిమ్మిర్లు తగ్గాలని వేసుకున్న మాత్రే తిమ్మిర్లు తెస్తుందన్నమాట.

ఐరన్ లేనిది తీసుకోండి. ఆడవాళ్ళకు నెలనెలా పోయినట్టు మగవాళ్ళకు ఐరన్ పోదు, ఒంట్లో ఎక్కువైతే బయటికి పంపే దారి కూడా శరీరానికి లేదు. డాక్టరు లోటుందని చెబితే తప్ప వద్దు. నిజానికి "ఫర్ మెన్" అన్న మాటకు ఏదన్నా అర్థముంటే అది ఐరన్ లేకపోవడం, జింకు కాస్త ఎక్కువుండడం, అంతే. మగవాళ్ళకు జింకు రోజుకు 17 మిల్లీగ్రాములు చాలు. తిండిలో కూడా వస్తుంది కాబట్టి మాత్రలో పదో పన్నెండో ఉన్నా సరిపోతుంది. 40 దాటితే ఎక్కువైనట్టే.

సిగరెట్టు, బీడీ తాగేవాళ్ళు బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్న మాత్ర జోలికి పోవద్దు. ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు నేల కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్ళకు ఏళ్ళ తరబడి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందనుకున్నారు. 1994లో ఫలితాలొచ్చేసరికి అది పెరిగింది. విటమిన్ 'ఈ' (E)దీ ఇలాంటి కథే. రోజుకు 400 యూనిట్లు వేసుకున్న మగవాళ్ళలో ప్రోస్టేటు క్యాన్సరు 17 శాతం ఎక్కువైందని 2011లో అమెరికా అధ్యయనం తేల్చింది.

కాల్షియం వంద శాతం కనిపించకపోతే కంగారు పడొద్దు. రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. కాల్షియం కార్బొనేటులో కాల్షియం నలభై శాతమే, అంటే రెండున్నర గ్రాముల పొడి కావాలి. అది ఒక్క మాత్రలో పట్టదు. పాలు, పెరుగు, రాగి, నెత్తళ్ళు ఉండనే ఉన్నాయి.

జిన్‌సెంగ్, అశ్వగంధ, "ఎనర్జీ బ్లెండ్" అని చివర్లో ఒక తోక ఉంటే, అందులో ఏది ఎంతో విడివిడిగా రాయకపోతే, నేనైతే పక్కన పెడతాను. డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తూ 14 అంకెల లైసెన్సు నంబరూ, లేదా మందుగా అమ్మేదైతే మందుల తయారీ లైసెన్సు నంబరూ ఉండాలి. గడువు తేదీ సరే సరి. పోటీల్లో ఆడే కుర్రాళ్ళు జిమ్ములో ఎవరో ఇచ్చిన పేరు లేని డబ్బా అసలు ముట్టుకోవద్దు, డోపింగు పరీక్షలో దొరికితే "నాకు తెలియదు" అన్నా వినరు.

రేటు పోల్చేటప్పుడు డబ్బా ధర కాకుండా రోజుకు ఎంత పడుతుందో భాగించి చూడండి. ఖరీదైన వాటిలో చాలాసార్లు ఆ రోజు ఖర్చుతో రెండు గుడ్లు వస్తాయి.

5. మీరు ఇప్పటికే వాడే మాత్రల చీటీ బయటికి తీయండి

షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతున్నా, పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటైనా బీ12 తగ్గొచ్చు, పరీక్ష చేయించుకోండి. థైరాయిడు మాత్రకూ, కాల్షియమో ఐరనో ఉన్న మల్టీవిటమిన్‌కూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు కే విటమిన్ ఉన్న మాత్రను, కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఏ మాత్రనైనా డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు.

6. ఎప్పుడు, ఎలా వేసుకోవాలి

పరగడుపున వద్దు, కడుపులో తిప్పుతుంది. ఏ, డీ, ఈ, కే కొవ్వులో కరిగేవి కాబట్టి టిఫినో భోజనమో అయ్యాక వేసుకోండి, నెయ్యేసుకున్న పప్పన్నం తర్వాతైతే ఇంకా మంచిది. మంచినీళ్ళతో మింగండి, కాఫీ తర్వాత చూసుకోవచ్చు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు. మూత్రం ముదురు పసుపుగా వస్తే భయపడొద్దు, అది బీ2 రంగు. మన సముద్రపు గాలి తేమకు డబ్బా మూత తీసి ఉంచితే మాత్రలు మెత్తబడతాయి, గట్టిగా మూసి పిల్లలకు అందని చోట పెట్టండి.

ఎన్నాళ్ళు అంటే, మూడు నెలలు వాడి ఆగి చూడండి. అమెరికాలో యాభై దాటిన 14,641 మంది మగ డాక్టర్లతో పదేళ్ళకు పైగా మల్టీవిటమిన్ మింగించి చూసిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. గుండెపోట్లు, పక్షవాతం ఏమాత్రం తగ్గలేదు, క్యాన్సరు మాత్రం కొద్దిగా, 8 శాతం, తగ్గింది. కాబట్టి ఏడాది పొడవునా వాడకపోతే కొంప మునిగేదేమీ లేదు.

మళ్ళీ రక్త పరీక్షకు వెళ్ళేటప్పుడు మాత్రలో బయోటిన్ ఉందేమో చూసుకోండి. జుట్టుకని దాన్ని ఎక్కువ మోతాదులో కలుపుతున్నారు. అది థైరాయిడు, గుండెకు సంబంధించిన కొన్ని పరీక్షల అంకెలను తారుమారు చేస్తుంది. డాక్టరుకు చెప్పి, రెండు మూడు రోజుల ముందే ఆపి, అప్పుడు ల్యాబుకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా జేబులో వేసుకెళ్ళండి, పేరు గుర్తులేదు, ఎర్రగా ఉంటుంది అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు.